నెల అద్దెకు ఒక వేలు

మా ఆయనకు కోపం రాదు. ఇంట్లో ఆ శాఖ మొదటి నుంచీ నాదే. ఇద్దరి వాటా కోపమూ నేనొక్కదాన్నే పడుతూ వచ్చాను కాబట్టి, చెప్పేది కాస్త వేడిగా ఉంటే ఎవరూ ఏమీ అనుకోవద్దు.

ఆయన పని లిఫ్టులు బాగుచేయడం. మా వీధిలోనూ చుట్టుపక్కల వీధుల్లోనూ అందరూ లిఫ్టాయన అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు. ఎవరో ఎక్కడో రెండంతస్తుల మధ్య ఇరుక్కుంటారు, మా ఇంట్లో ఫోను మోగుతుంది. కంచంలో చెయ్యి పెట్టినవాడు పెట్టినట్టే లేచి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోతాడు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. లోపల ఇరుక్కున్న ముసలావిడ కేకలు పెడుతోంది. ఈయన తలుపు సందులో నోరు పెట్టి, "భయపడకమ్మా, గాలి ఆడుతుంది. నేను వచ్చేశాగా. ఆ గోడకి ఆనుకుని కూర్చో. ఇక్కడే ఉన్నా, ఎక్కడికీ వెళ్ళను" అన్నాడు. అంత మెత్తని గొంతు ఈయనకు ఉందని పెళ్ళయిన ఇన్నేళ్ళకు నాకు ఆరోజే తెలిసింది. ఆ గొంతుతో నాతో అప్పుడప్పుడైనా మాట్లాడి ఉంటే నా నోరు ఇలా తయారయ్యేది కాదు.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. కొత్త లిఫ్టు అప్పజెప్పే ముందు తనే లోపలికెక్కి, పైకి పోతుండగా మెయిన్ స్విచ్చి ఆపెయ్యమని కిందవాళ్ళకు చెప్తాడు. చీకట్లో అది తనంతట తను దగ్గరి అంతస్తుకు చేరి తలుపు తీస్తేనే బాగుందని ఒప్పుకుంటాడు. "కరెంటు ఉన్నప్పుడు అన్నీ మంచి లిఫ్టులే" అంటాడు. ఈ ముక్క నేను వెయ్యిసార్లు విని ఉంటాను.

ఆయన్ను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మెడ. ఎప్పుడూ వంగే ఉంటుంది. లిఫ్టు గోతిలో దిగినా, డాబా మీది మోటారు గదిలో ఉన్నా, ఇంట్లో టేబుల్ ఫ్యాను విప్పినా, ఏదో ఒక యంత్రంలో తల దూర్చి ఉంటాడు. మా అమ్మాయికి స్కూల్లో బహుమతి ఇచ్చినరోజు ఈయన ఒక ఆసుపత్రి లిఫ్టు మీద ఉన్నాడు. నేను బట్టలు సరిచేసే షాపు పెట్టుకున్నాను, లూజు చేయడం, బిగించడం, జిప్పులు మార్చడం. అది తెరిచిన రోజు ఈయన ఏదో హోటలు గోతిలో ఉన్నాడు. రిబ్బను కత్తిరించేటప్పుడు నా పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా అని పక్క షాపు తాళాలాయన వచ్చి నిలబడ్డాడు. ఆ ఫోటో ఇప్పటికీ షాపు గోడ మీద ఉంది. వచ్చినవాళ్ళంతా "మీ ఆయనా?" అని అడుగుతారు. కాదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఈమధ్య ఊరుకుంటున్నాను.

అలాంటి మనిషికి ఆకాశం పిచ్చి పట్టింది. దానికీ లిఫ్టులే కారణం. మోటారు గదులు డాబాల మీద ఉంటాయి. ఊళ్ళో సగం డాబాల తాళంచెవులు ఈయన దగ్గర గుత్తులుగా ఉంటాయి. సాయంత్రం పని ముగించి ఆ గదిలోంచి బయటికొస్తే పైన ఎవరూ ఉండరు. అలా చూడటం మొదలుపెట్టాడు. స్టూడియో ఎత్తేస్తున్న ఫోటోగ్రాఫరు దగ్గర పాత కెమెరా, పొడవాటి లెన్సు కొన్నాడు. పాత లిఫ్టు తలుపు మోటారుకు పళ్ళచక్రాలు బిగించి, భూమి తిరుగుతున్నంత నెమ్మదిగా కెమెరాను తిప్పే పీట ఒకటి తయారుచేశాడు. చంద్రుడు, శని చుట్టూ వలయం, ఇంకా మసకమసకగా ఏవో పొగలు. ఆ పొగలు చూపించి "ఇది చూడు, ఇది చూడు" అనేవాడు. నాకు తుడవని అద్దంలా కనిపించేది. బాగుందండీ అనేదాన్ని.

మా అమ్మాయి చంకలో ఉండగా ఒకసారి రైల్లో చాలా దూరం వెళ్ళి సంపూర్ణ సూర్యగ్రహణం చూశాం. చూశాం అనకూడదు, నేను చూశాను. పట్టపగలు చీకటి పడింది. సూర్యుడుండాల్సిన చోట నల్లటి గుండ్రం, దాని చుట్టూ జుట్టు విరబోసుకున్నట్టు తెల్లటి వెలుగు. పిల్ల ఏడుపు మరిచిపోయి నోరు తెరుచుకుని ఉండిపోయింది. పక్కనే ఈయన కెమెరా మీదికి వంగి, చక్రం తిప్పడం, నొక్కడం, మళ్ళీ తిప్పడం, నొక్కడం. భుజం తట్టి, "ఒక్కసారి పైకి చూడండి" అన్నాను. "ఒక్క నిమిషం" అన్నాడు. ఆ చీకటి ఉండేదే రెండు నిమిషాల చిల్లర. ఈయన తలెత్తేసరికి ఎండ వచ్చేసింది.

ఆ ఫోటోలు ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టాడు. బాగున్నాయి, కాదనను. ఎవరైనా ఇంటికొచ్చి ఎలా ఉంటుందని అడిగితే ఫ్రేము చూపించి, ఆపైన "మా ఆవిడ చూసింది, తను చెప్తుంది" అంటాడు. అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయేది. ఆకాశం కోసం తిండి మానేసే మనిషి చూడలేదు, ఆకాశం సంగతి పట్టని నేను చూశాను. చూసి ఎవరితో చెప్పుకోను? అంతటిది కళ్ళముందు జరిగితే పక్కనున్నవాడి చెయ్యి పట్టుకుని "చూశారా" అనాలనిపిస్తుంది. ఆ పక్కనున్నవాడు చూడలేదు.

ఇన్నేళ్ళకు మళ్ళీ గ్రహణం వస్తోందని తెలిసింది. ఈసారి రైలెక్కే పని లేదు, సరిగ్గా మా ఊరి మీదుగానే. వార్త వినగానే నేను తేల్చి చెప్పేశాను.

"కెమెరా ఇంట్లో పెట్టండి. మీరు, నేను, రెండు కుర్చీలు. అంతే."

ఆయన తల గోక్కున్నాడు. "గుమ్మంలోకి వచ్చినదాన్ని తీయకుండా ఎలా ఉంటాం?"

"తీస్తూ కూర్చుంటే చూసేదెప్పుడు? మన జీవితంలో మళ్ళీ ఇటు రాదని మీరే చెప్పారు."

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ రాజీకి వచ్చాడు. "నొక్కే పని కంప్యూటరుకి అప్పజెప్తా. చీకటి పడగానే లెన్సు మీది నల్ల ఫిల్టరు తీసేసి, నీ పక్కనొచ్చి నిలబడతా. మళ్ళీ ఎండ వచ్చేదాకా కెమెరా వైపు చూడను. సరేనా?"

సరే అన్నాను. నాకు కావలసింది అదొక్కటే, ఈ మనిషి ఒక్కసారి మెడ ఎత్తి నా పక్కన నిలబడటం. 

కంప్యూటరు నొక్కాలంటే సాఫ్ట్‌వేరు కావాలి. గ్రహణం చుట్టూ ఉండే వెలుగు లోపల కళ్ళు చెదిరేలా, బయటికి పోయేకొద్దీ పల్చగా ఉంటుందట. ఒకే ఫోటోలో రెండూ పడవు. అందుకని కెమెరా ఒకసారి రెప్పపాటు, ఒకసారి కాస్త ఎక్కువసేపు, ఇలా రకరకాలుగా తెరిచి మూయాలి. చేత్తో చేస్తే మెడ వంచక తప్పదు. అదే కేబులుతో లాప్‌టాప్‌కు తగిలించి, ఏ క్షణానికి ఎంతసేపు తెరవాలో ముందే పెట్టి ఉంచితే తనంతట తనే నొక్కుకుంటూ పోతుంది. అంటే ఈయన వేలికి బదులు ఇంకో వేలు కావాలి. ఆ వేలి కోసం మా ఇంట్లో నడిచిన భాగోతం ఇంతా అంతా కాదు.

ముందు మా మరిది వచ్చాడు. అతనికి సెల్‌ఫోన్ల షాపుంది. "అన్నయ్యా, అన్నిట్లోకీ ఖరీదైనదే నా దగ్గరుంది, తాళం పగలగొట్టింది. పెన్‌డ్రైవ్‌లో వేసిస్తా, పైసా ఇవ్వక్కర్లేదు" అన్నాడు.

"చవగ్గా వచ్చిందని నకిలీ బ్రేకు తెచ్చి లిఫ్టుకి వేస్తానా నేను?"

"ఇది లిఫ్టు కాదు కదా అన్నయ్యా."

"నాకు అన్నీ లిఫ్టులే" అన్నాడు ఈయన. మరిది నావైపు చూసి, ఈయన మారడు వదినా అన్నట్టు తల ఊపి వెళ్ళిపోయాడు.

తర్వాత క్లబ్బు. ఊళ్ళో ఆకాశం పిచ్చి ఉన్నవాళ్ళంతా నెలకోసారి పళ్ళ డాక్టరు క్లినిక్కులో చేరతారు. డాక్టరే అధ్యక్షుడు. అందరికంటే పెద్ద టెలిస్కోపు ఆయనదే, కూర్చునే కుర్చీలూ ఆయనవే. ఆ నెల నేను కూడా వెళ్ళాను. ఎవరిదో ప్యాంటు అంచు కుట్టాల్సి ఉంటే ఒళ్ళో పెట్టుకుని ఒక మూల కూర్చున్నాను. గోడల నిండా చిగుళ్ళ బొమ్మలు. డాక్టరు తన సాఫ్ట్‌వేరును తెర మీద చూపించాడు. ఏటేటా డబ్బు కడుతుండాలట. అది ఫోకస్ చేస్తుంది, టెలిస్కోపు తిప్పుతుంది, మబ్బు పడితే కబురు చేస్తుంది, పన్ను పీకడం ఒక్కటే తక్కువ. ఈయన చెయ్యెత్తాడు.

"మాకు అంత అక్కర్లేదండీ. చెప్పిన టైముకి నొక్కితే చాలు. కాస్త అందుబాటులో ఉన్నది ఏదైనా చెప్పండి."

డాక్టరు నవ్వాడు. "మీకు కొనడం ఎందుకు లిఫ్టు గారూ, ఊరికే వచ్చేది ఒకటుంది. ఎవరో సరదాగా తయారుచేసి అందరికీ పంచుతున్నారు. మీ బడ్జెట్‌కి అది కరెక్టు."

గదిలో ఇంకో ఇద్దరు ముగ్గురు నవ్వారు. 'మీ' అన్నచోట డాక్టరు పెట్టిన ఒత్తు నాకు వినిపించింది. నేను సూది పక్కన గుచ్చి నోరు తెరవబోయాను. ఈయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. డాక్టరుకు "థాంక్సండీ" అని కూడా చెప్పాడు. ఇంటికొచ్చేదాకా దారిపొడుగునా ఇద్దరి తరఫునా నేనే తిట్టాను.

నాకు ఇప్పటికీ మండేది ఇక్కడే. ఆ నవ్వు పాడుదే కాని, చెప్పిన ముక్క నిజం. ఈయన ఆ ఉచితమైనదాన్ని దింపుకుని చూశాడు. అందం లేదు, బటన్లన్నీ బూడిదరంగులో ఉన్నాయి, ఎలా వాడాలో చెప్పే పేజీ చదువుతుంటే నిద్రొచ్చేది. కాని కేబులు తగిలించగానే కెమెరాను గుర్తుపట్టింది. నొక్కమంటే నొక్కింది. నేను పక్కనే ఉండి చూశాను. ఇంకేం కావాలి? సుబ్బరంగా అదే వాడుకుంటే సరిపోయేది. వాడలేదు. తీసి పారేశాడు.

"ఊరికే ఇచ్చినదాన్ని ఏం నమ్ముతాం? రేపు ఏమైనా అయితే ఎవడి కాలరు పట్టుకోవాలి?" అన్నాడు.

"మీరు ఈ జన్మలో ఎవడి కాలరైనా పట్టుకున్నారా?" అన్నాను.

అది పైకి చెప్పిన కారణమని నాకు తెలుసు. కోపం రాని మనుషుల కోపం ఇలాగే ఉంటుంది. అరవరు, తిట్టరు, తమకు పనికొచ్చేదాన్ని తామే కాలదన్నుకుంటారు. నేనైతే ఆ డాక్టరుకు అక్కడే నాలుగు దులిపేసి, ఇంటికొచ్చి అదే సాఫ్ట్‌వేరు హాయిగా వాడుకునేదాన్ని. ముక్కు మీద కోపం ఉన్నవాళ్ళకు ఆ ఒక్క సుఖం ఉంది.

అప్పుడు దొరికింది ఆ అద్దె సరుకు. నెలకింతని కడితే చాలు, నెల కాగానే మానేయొచ్చు. మొత్తం కలిపి సినిమాకు వెళ్ళొచ్చినంత ఖర్చు. నీలం రంగు తెర, చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే పెద్ద పెద్ద బటన్లు, అడుగున కస్టమర్ కేర్ నంబరు. ఆ నంబరు చూసి ఈయన మురిసిపోయాడు. "డబ్బు కట్టి తీసుకున్నది" అని రెండుసార్లు అన్నాడు. వినాల్సిన డాక్టరు అక్కడ లేడు.

నాకు అద్దె అన్నమాటే నచ్చలేదు. నా కుట్టు మిషనుకు డబ్బిచ్చాను, తెచ్చుకున్నాను, అంతటితో దానికీ కంపెనీకీ రుణం తీరిపోయింది. ఈవిడ ఈరోజు కుట్టొచ్చా అని సూది దిగే ముందు అది ఎవణ్ణీ అడగదు. ఇప్పుడు ఏది కొన్నా మనది కావడం లేదు. పాటలు అద్దె, సినిమాలు అద్దె, ఆఖరికి కెమెరా నొక్కే వేలు కూడా అద్దె. డబ్బు మనం కట్టాలి, తాళంచెవి వాడి దగ్గరుండాలి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకు తెలుస్తుంది ఈ బాధ, ఓనరు ఎప్పుడు తలుపు కొడతాడో తెలియదు. ఇదంతా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. "నెలరోజులకేగా" అన్నాడు.

ఇక రిహార్సళ్ళు. గ్రహణాలు తీసేవాళ్ళందరికీ ఈ అలవాటుంది. చీకటి కాసేపే కాబట్టి, ఏ చెయ్యి ఎప్పుడు ఎక్కడ ఉండాలో ముందే సాధన చేస్తారు. మా డాబా మీద సాయంత్రపు ఎండలో మొదలుపెట్టాం. వెలుగులో లాప్‌టాప్ తెర కనిపించదని, లిఫ్టు సామాను వచ్చిన అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి దాంట్లో లాప్‌టాప్ పెట్టాడు. తెర చూడాలంటే తల పెట్టెలో దూర్చాలి. నేను ఫోనులో టైము చూసి "ఇప్పుడు" అంటాను. ఈయన ఫిల్టరు లాగేసి, గబగబా నా పక్కకొచ్చి, తలెత్తుతాడు. వెనకాల కెమెరా తన పాటికి తను టక్, టక్, టకటక.

ఆ మెడ అంత వెనక్కి వంగుతుందని నాకు తెలియదు. మొదటిరోజే పట్టేసింది. రాత్రి నూనె రాసి మర్దనా చేశాను. రెండోరోజు, "చేతులు ఊరికే ఉంటే ఏం చేయాలో తోచట్లేదు" అన్నాడు.

"నా చెయ్యి పట్టుకోండి" అన్నాను.

పట్టుకున్నాడు. అలా రోజూ సాయంత్రం ఉత్త నీలాకాశం కేసి చూస్తూ ఇద్దరం చేతులు పట్టుకుని నిలబడేవాళ్ళం. ఎదురు డాబా మీద బట్టలు తీసుకునే ఆవిడ మమ్మల్ని చూసి తన మొగుడితో ఏం చెప్పుకుందో కాని, ఒకరోజు ఆయన్ను కూడా పైకి తీసుకొచ్చింది. నాకు ఆ రోజుల్లో కోపం రాలేదు. షాపులో పనిచేసే అమ్మాయి "అమ్మా, ఒంట్లో బాగుందా?" అని అడిగింది. కెమెరా ఒక్కసారి కూడా తప్పలేదు.

గ్రహణం రోజు ఊరి చివర ఫుట్‌బాల్ మైదానానికి వెళ్ళాం. ఊళ్ళోవాళ్ళే కాక ఎక్కడెక్కడి వాళ్ళో కార్లేసుకుని వచ్చారు. గడ్డి కనపడలేదు. డాక్టరు గుడారం కింద నాలుగు యంత్రాలు పెట్టుకుని, తెల్ల టోపీతో అందరికీ సలహాలిస్తున్నాడు. మేం గోల్ పోస్టు పక్కన చోటు చూసుకున్నాం. పీట, కెమెరా, అట్టపెట్టె, రెండు కుర్చీలు. సూర్యుణ్ణి చంద్రుడు మెల్లగా కొరకడం మొదలుపెట్టాడు. కెమెరా మధ్యమధ్యలో టక్ మంటోంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నేనూ చూస్తున్నాను. ఈయన పెట్టెలో తల పెట్టి చూసి, బయటికి తీసి నవ్వి, మళ్ళీ పెట్టి చూస్తున్నాడు. ఆ నవ్వు చూసి నేను నిజంగానే నమ్మాను.

సూర్యుడు గోటి అంచంత మిగిలాడు. ఎండ రంగు మారింది, గాలి చల్లబడింది. అప్పుడు లాప్‌టాప్ ఆగిపోయింది. నడినెత్తి ఎండలో, అట్టపెట్టెలో గాలాడక వేడెక్కిపోయింది. రిహార్సళ్ళు చేసింది సాయంత్రాలు, చేసింది కాసేపు. ఈయన కంగారు పడలేదు. బటను నొక్కి పట్టి, మళ్ళీ ఆన్ చేశాడు. వచ్చింది. నీలం తెర కూడా వచ్చింది. దాని మధ్యలో ఒక ముక్క: మీ చందా సరిచూడాలి, ఇంటర్నెట్‌కు కలపండి.

ఇంట్లో తెరిచినప్పుడల్లా అది చాటుగా కంపెనీని అడుగుతూనే ఉందన్నమాట. మెట్ల కింద వైఫై ఉంది కాబట్టి మాకు తెలియలేదు. ఇక్కడ మైదానం నిండా జనం, ప్రతి చేతిలో ఫోను, అందరూ ఒకేసారి ఎవరికో చూపించాలని తాపత్రయం. ఎవరి ఫోనుకూ సిగ్నలు లేదు.

"నీ ఫోనులో హాట్‌స్పాట్ పెట్టు, దీనికి నెట్ అందుతుంది. పైకెత్తు" అన్నాడు పెట్టెలోంచి.

ఎత్తాను. ఒక గీత వచ్చి పోయింది. ఈయన తన ఫోనులో కస్టమర్ కేర్‌కు కొడుతున్నాడు, అది మోగనైనా లేదు. "ఇంకా పైకి. కాస్త ఎడమకి" అన్నాడు. కుర్చీ ఎక్కాను. ఆకాశం కేసి చెయ్యి చాపి నిలబడి, ఆ చేతిలోని ఫోను మీద గీతలు లెక్కపెడుతున్నాను. చీకటి పడింది. మైదానమంతా ఒక్కసారి హో అంది. నా పక్కన ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. నా కళ్ళు ఆ గీతల మీదే ఉన్నాయి.

"వదిలెయ్యండి ఇంక. రండి" అన్నాను.

"ఒక్క నిమిషం" అన్నాడు.

ఆ మాట వినేసరికి నాకు ఏమైందో తెలియదు. కుర్చీ దిగి, అట్టపెట్టె పట్టుకుని ఈయన తల మీంచి లాగి అవతల పారేశాను. లాప్‌టాప్ గడ్డిలో పడింది. ఈయన మోకాళ్ళ మీద ఉన్నాడు. తలెత్తాడు. పైకి కాదు, నావైపు.

"ఏ లిఫ్టునైనా మెయిన్ ఆపి చూస్తారు కదా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "పరాయివాళ్ళెక్కే లిఫ్టులన్నీ ఆపి చూస్తారు. దీన్ని ఒక్కసారి, ఒక్కసారి నెట్ తీసేసి చూడాలని తోచలేదా? నాకిచ్చిన మాటకి ఆ మాత్రం పరీక్ష కూడా అక్కర్లేదా?"

ఆయన మొహం మారింది. మా ఆయన అరవగా నేను వినడం అదే మొదలు. "ఆ ఉచితమైనదే వాడేవాణ్ణి" అని అరిచాడు. "వాడు నవ్వకపోతే అదే వాడేవాణ్ణి. నీ ముందు నవ్వాడు. నీ ముందు."

నేను ఏదో అనబోయాను. అప్పుడే ఆయన నుదుటి మీద వెలుగు పడింది. ముందు నుదురు, తర్వాత చెంపలు, తర్వాత చొక్కా. చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు. నేను వెనక్కి తిరగలేదు, తిరిగినా అక్కడ ఏమీ ఉండదని తెలుసు. ఊరంతా ఆకాశం చూసిన ఆ కాసేపూ మేమిద్దరం ఒకరి కోపం ఒకరం చూసుకుంటూ ఉన్నాం.

డాక్టరు జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు. టోపీ చేతిలో ఉంది, కళ్ళు తడిగా ఉన్నాయి. జీవితమంతా ఎదుటివాళ్ళ చేత నోరు తెరిపించినవాడు తనే నోరు మూయడం మరిచిపోయాడు. "ఎలా ఉంది లిఫ్టు గారూ" అన్నాడు, ఈసారి ఏ ఒత్తూ లేకుండా.

"బాగుందండీ" అన్నాడు ఈయన.

నేను ఆ డాక్టరును దులిపేయాల్సింది. నోరు రాలేదు. జనం పల్చబడ్డాక గడ్డిలో ఉన్న లాప్‌టాప్ తీస్తే తెర మీద పచ్చటి టిక్కు పెట్టి ఉంది. చందా సరిచూశాం, ధన్యవాదాలు అంది. తన్నబోయాను. ఈయన తీసి తుడిచి సంచిలో పెట్టాడు.

ఇంటికొచ్చి ఇద్దరం అన్నం తిన్నాం. ఫోను మోగలేదు, ఎవరూ ఎక్కడా ఇరుక్కోలేదు. మోగితే బాగుండని మొదటిసారి అనుకున్నాను. కంచాలు తీశాక ఈయన లాప్‌టాప్ తెరిచి ఆ అద్దె మానేయడానికి కూర్చున్నాడు. అది ఒక పట్టాన వదలదే. నిజంగా వెళ్ళిపోతారా అంది. వచ్చే నెల సగానికే ఇస్తామంది. ఆఖరుకు, ఎందుకు వెళ్ళిపోతున్నారో చెప్పి పొమ్మంది. ధర ఎక్కువ, వాడటం కష్టం, ఇంకొకటి దొరికింది, అవసరం తీరిపోయింది. వీటిలో ఏదో ఒకటి నొక్కకపోతే ముందుకు పోనివ్వదు.

ఈయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను వెనకాల నిలబడ్డాను.

"అవసరం తీరిపోయింది అని పెట్టనా?" అన్నాడు.

"తీరిందా?"

వేలు ఆ బటను మీంచి తీసేశాడు.

"ధర ఎక్కువ అని పెట్టండి" అన్నాను.

"డబ్బు కట్టేవాటన్నిట్లోకీ చవకైనది ఇదే కదా."

"పెట్టండి."

తిరిగి నా మొహంలోకి చూశాడు. లిఫ్టు తలుపు సందులోంచి ఆ ముసలావిడతో మాట్లాడిన మనిషి ఇప్పుడు ఏమైనా అంటాడేమోనని చూశాను. తల వంచి, నేను చెప్పిందే నొక్కాడు.